హైదరాబాదా, బెంగళూరా? పిల్లలతో మకాం మార్చేవాళ్ల కోసం రెండు నగరాల సమీక్ష

రెండు చోట్లా ఉద్యోగం దొరికే అవకాశమున్న తెలుగు కుటుంబాలు ఈ రెండు ఊళ్లనూ పోల్చేటప్పుడు మొదట చూసేది వాతావరణం, ఆ తర్వాత జీతంలో తేడా. ఆ రెండింటినీ కాసేపు పక్కన పెట్టండి. పెద్ద పిల్ల ఏ తరగతిలో ఉంది, ఆఫీసు గేటు ఎక్కడుంది, సొంతూరు ఎటువైపు? చాలా ఇళ్లకు ఈ మూడింటితోనే జవాబు తేలిపోతుంది. మా తీర్పు ముందే చెప్పేస్తాం. పిల్లలు ఆరో తరగతి దాటితే హైదరాబాదు. పిల్లలు చిన్నవాళ్లై, సొంతూరు అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపైతే బెంగళూరు. ఈ రెండు కోవల్లోకీ రానివాళ్లు ఆఫీసు గేటును బట్టి నిర్ణయించుకోవచ్చు.

చదువు: ఆరో తరగతి, తొమ్మిదో తరగతి

ఇల్లు నచ్చకపోతే ఏడాదిలో మారొచ్చు. పిల్లల లోకల్ హోదా, అంటే ఆ రాష్ట్రపు కోటా సీట్లకు అర్హత, ఒకసారి చేజారితే తిరిగి రాదు. అందుకే దీనికి అన్నిటికంటే ఎక్కువ బరువిస్తున్నాం.

కర్ణాటకలో ఆ రాష్ట్ర ప్రవేశ పరీక్ష కేసెట్ ద్వారా ప్రభుత్వ కోటా సీటు కావాలంటే మామూలుగా వర్తించే నిబంధన ఇది: 1 నుంచి 12 తరగతుల మధ్య కనీసం ఏడు విద్యా సంవత్సరాలు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలి, పదో తరగతో పన్నెండో అక్కడే పాసై ఉండాలి. ఆరో తరగతిలో చేరిన పిల్లకు 12 పూర్తయ్యేసరికి సరిగ్గా ఏడేళ్లు నిండుతాయి. ఏడో తరగతిలో చేరితే ఆరేళ్లే. ఒక్క ఏడాది తేడాతో కథ మారిపోతుంది. ఆ తర్వాత మిగిలేది ప్రైవేటు కాలేజీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష కామెడ్‌కె, మేనేజ్‌మెంట్ కోటా, డీమ్డ్ యూనివర్సిటీలు. కామెడ్‌కె రాయడానికి ఏ రాష్ట్రం వాళ్లైనా అర్హులే, కానీ ఫీజు ప్రభుత్వ కోటా కంటే బాగా ఎక్కువ.

తెలంగాణలో లెక్క వేరు. అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు, అంటే 9 నుంచి 12 దాకా, అక్కడే చదివి అక్కడే పాసైతే లోకల్. వైద్య విద్యలో 2024లో తెచ్చిన ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. అంటే ఎనిమిదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో వచ్చినా హైదరాబాదులో ఆలస్యం కాదు. అదే పిల్లకు బెంగళూరులో రెండేళ్ల ముందే తలుపు మూసుకుపోయి ఉంటుంది.

అన్నిటికంటే చెడ్డ పరిస్థితి ఎలా వస్తుందో చూడండి. ఎనిమిది దాకా గుంటూరులో చదివిన పిల్లను తొమ్మిదిలో బెంగళూరుకు తీసుకెళ్లారనుకుందాం. కర్ణాటకలో ఏడేళ్లు నిండవు. ఆంధ్రలోనూ లోకల్ హోదా చివరి నాలుగేళ్ల చదువు మీదే ఆధారపడుతుంది కాబట్టి అక్కడా లోకల్ కాదు. తల్లిగానీ తండ్రిగానీ ఆంధ్రలో మొత్తం పదేళ్లు నివసించినట్టు తహసీల్దారు ధ్రువపత్రం తెచ్చుకుంటే లోకల్ హోదాతో పనిలేని 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు పోటీ పడొచ్చు, అంతే. ఈ వయసు పిల్లలున్నవాళ్లు బెంగళూరుకు వెళ్లక తప్పని పరిస్థితిలో ఉంటే, ఫీజుల బడ్జెట్‌ను మొదట్నుంచీ కామెడ్‌కె స్థాయిలో వేసుకోవాలి.

ఎన్‌ఐటీల విషయం చాలామంది మర్చిపోతారు. వాటిలో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే. సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరో ఆధార్ చిరునామానో కాదు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో ఆ రాష్ట్రం. హైదరాబాదులో చదివితే వరంగల్, బెంగళూరులో చదివితే సూరత్కల్, ఆంధ్రలో చదివితే తాడేపల్లిగూడెం. జేఈఈ మీద గట్టిగా దృష్టి పెట్టిన ఇంట్లో ఇదీ లెక్కలోకి రావాలి. ఈ నిబంధనలకు మినహాయింపులు కూడా ఉంటాయి. సైన్యంలో పనిచేసేవాళ్ల పిల్లలకు, ప్రభుత్వోద్యోగుల పిల్లలకు వేరే క్లాజులు ఉంటాయి కాబట్టి ఆ ఏటి సమాచార పుస్తకాన్ని స్వయంగా చదువుకోండి.

భాష గురించి అనవసరంగా భయపడొద్దు. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లో కూడా కన్నడ చెప్పాలి. సీబీఎస్‌ఈలో ఎనిమిది దాకా మూడో భాషగా పెట్టే బడులే ఎక్కువ. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు కన్నడ లిపి త్వరగానే పట్టుబడుతుంది. ఇబ్బందల్లా ఇంగ్లిషు, హిందీ తప్ప ఏదీ రాకుండా ఏడో తరగతిలో చేరేవాళ్లకే. తెలంగాణలో 2018 చట్టంతో తెలుగు తప్పనిసరైంది. విదేశాల నుంచో ఉత్తరాది నుంచో తిరిగొచ్చే పిల్లలకు అదీ బరువే. అలాంటివాళ్ల కోసం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లో 9, 10 తరగతులకు సులభ తెలుగు వాచకం పెట్టారు. అడ్మిషన్ మాట్లాడేటప్పుడు అది తమ బడిలో చెబుతున్నారో లేదో అడగండి. బెంగళూరులో తెలుగును రెండో భాషగా నేర్పే బడులు బాగా తక్కువ. పిల్లలకు తెలుగు చదవడం, రాయడం రావాలని పట్టుదల ఉన్నవాళ్లకు హైదరాబాదే మంచిది.

అడ్మిషన్ల దగ్గర ఎక్కువగా చిక్కుపడేది కాగితాల వల్లే. టీసీ ఒక్కటి చేతికిస్తే పని అయిపోదు. రాష్ట్రం మారుతుంటే దాని మీద జిల్లా విద్యాశాఖ అధికారి సంతకం అడిగే బడులు ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, బడులు పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో పాత బడి పిల్ల పేరును విడుదల చేయాలి. అది చేయకపోతే కొత్త బడి పిల్ల శాశ్వత విద్యా సంఖ్యను (పెన్ నంబరు) తమ దగ్గరికి లాక్కోలేదు, పేరు రెండు చోట్లా వేలాడుతూ ఉంటుంది. ఫీజు బకాయి ఉన్నా, ఆ పని చూసే గుమస్తా సెలవులో ఉన్నా ఇది వారాల తరబడి ఆగుతుంది. అందుకని వేసవి సెలవులకు ముందే ఆ పని చేయించుకుని, స్క్రీన్ మీద చూసి మరీ బయటికి రండి. సీబీఎస్‌ఈలో 9వ తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అవుతుంది కాబట్టి 9 నుంచి 10కి, 11 నుంచి 12కి మధ్యలో ఊరు మారొద్దు. బోర్డు అనుమతి, బదిలీ ఉత్తర్వు లాంటి రుజువులు కావాలి. తప్పనిసరైతే ఆ ఏడాది తల్లో తండ్రో పిల్లతో వెనక ఉండిపోవడమే మేలు.

ఆఫీసు గేటు, బడి, ఇల్లు

బెంగళూరులో ఇంటి ఎంపిక అంటే మెట్రో పటం పక్కన పెట్టుకుని చేసే పని. పర్పుల్ లైను 2023 అక్టోబరు నుంచి చల్లఘట్ట మొదలు వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా ఎల్లో లైను 2025 ఆగస్టులో మొదలైంది. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటే, ఆ లైను మీద స్టేషనుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు చూసుకుంటే ఈ ఊరు హాయిగా ఉంటుంది. ఆఫీసు అవుటర్ రింగ్ రోడ్డు మీద, అంటే బెళ్లందూరు, కాడుబీసనహళ్లి, మారతహళ్లి పట్టీలో ఉంటే మాత్రం అక్కడ మెట్రో ఇంకా పని జరుగుతున్న దశలోనే ఉంది. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా సుమారు 17 కిలోమీటర్ల ఆ రోడ్డును రోజూ దాటాల్సిన ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. రోడ్డుకు ఆఫీసు ఏ పక్కనుంటే ఆ పక్కనే ఇల్లు, ఆ పక్కనే బడి. మారతహళ్లి, కేఆర్ పురం, రామమూర్తినగర్ వైపు తెలుగు వాళ్లు బాగా ఉంటారు కాబట్టి పనిమనిషి దగ్గర్నుంచి కూరగాయల బండి దాకా మాటకు ఇబ్బంది ఉండదు.

హైదరాబాదు మెట్రో సుమారు 69 కిలోమీటర్లు. మియాపూర్–ఎల్బీనగర్, నాగోలు–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్, మొత్తం మూడు లైన్లు. పడమటి వైపు అది రాయదుర్గంలో ఆగిపోతుంది. ఇప్పుడు ఉద్యోగాలు ఎక్కువగా ఉన్న గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేటలకు మెట్రో లేదు. ఉప్పల్‌లోనో నాగోలులోనో చవగ్గా ఇల్లు తీసుకుని మెట్రోలో వెళ్దామనుకునేవాళ్లు, రాయదుర్గంలో దిగాక మిగిలే ఏడెనిమిది కిలోమీటర్లను కూడా లెక్కేసుకోవాలి. కంపెనీ షటిల్ ఉంటే సరే, లేకపోతే ఆటో ఖర్చూ వేచి ఉండే సమయమూ కలిసి అద్దెలో మిగిలిన డబ్బును తినేస్తాయి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసేవాళ్లకు నల్లగండ్ల, తెల్లాపూర్, నార్సింగి, మణికొండ దగ్గర. హైటెక్ సిటీ అయితే కొండాపూర్, మియాపూర్, కూకట్‌పల్లి. నిజాంపేట, బాచుపల్లిలో అద్దెలు తక్కువే గానీ, అక్కడి నుంచి బయటపడే రోడ్లు ఉదయం పూట కిటకిటలాడతాయి.

ఈ విషయంలో హైదరాబాదుకు ఉన్న పెద్ద బలం 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. టోల్ కడితే ఊరిని చుట్టి దాటేయొచ్చు. శంషాబాద్ విమానాశ్రయానికి గచ్చిబౌలి నుంచి ట్రాఫిక్ దీపం తగలకుండా వెళ్లిపోవచ్చు. బెంగళూరులో దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీలో ఉండి ఉత్తరాన దేవనహళ్లిలో విమానం ఎక్కాలంటే ఊరంతా దాటాలి. అమెరికా నుంచి వచ్చిపోయే బంధువులున్న ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇల్లు ఖాయం చేసే ముందు మంగళవారమో బుధవారమో ఉదయం ఎనిమిదిన్నరకు ఆ ఇంటి నుంచి ఆఫీసు దాకా ఒకసారి వెళ్లి చూడండి. సోమ, శుక్రవారాల్లో చాలామంది ఇంటి నుంచే పనిచేస్తారు, ఆ రోజుల రోడ్డును చూసి మోసపోతారు. వాన పడ్డ సాయంత్రం ఒకసారి చూడగలిగితే ఇంకా మంచిది.

అడ్వాన్సు, నీళ్లు, కరెంటు

బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సు అడగడం పాత అలవాటు. ఇప్పుడు ఐదారు నెలలకు దిగే ఓనర్లు చాలామంది ఉన్నారు. హైదరాబాదులో రెండు నెలలతో సరిపోతుంది. నెలకు 40,000 అద్దె అనుకుంటే, బెంగళూరులో ఆరు నెలల అడ్వాన్సు 2,40,000, మొదటి నెల అద్దె, బ్రోకరుకు ఒక నెల కలిపి చేరే రోజుకు 3,20,000 చేతిలో ఉండాలి. హైదరాబాదులో అదే లెక్క 1,60,000. బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె కోసుకోవడం మామూలు. అగ్రిమెంటులో ఆ మాట ఎలా రాశారో చూసుకోండి. ఏడాది లోపు ఖాళీ చేసినా పూర్తి నెల కోస్తారా, గోడలు ఏ స్థితిలో ఉంటే కోయరు అనేది ముందే రాయించుకుంటే చివర్లో గొడవ ఉండదు. చేరిన రోజే ప్రతి గదీ వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.

అద్దె నెలకు 50,000 దాటితే అందులోంచి 2 శాతం టీడీఎస్ (ముందుగా కోసే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాల్సింది అద్దెకున్నవాళ్లే. ఓనరు ఎన్నారై అయితే ఇంకా బరువు. అద్దె ఎంత తక్కువైనా సెస్సుతో కలిపి 31.2 శాతం మినహాయించాలి, అందుకు టాన్ నంబరు (పన్ను కోసి కట్టేవాళ్లకు ఇచ్చే ఖాతా సంఖ్య) తీసుకోవాలి. హైదరాబాదు పడమటి ఫ్లాట్లలో ఎన్నారై ఓనర్లు ఎక్కువ. అద్దె డబ్బు ఇక్కడున్న తండ్రి ఖాతాలో వేసినంత మాత్రాన బాధ్యత పోదు, ఫ్లాటు ఎవరి పేరున ఉందన్నదే లెక్క.

ఇక నీళ్లు. బెంగళూరుకు కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అదీ ఎత్తుకు పంపు చేస్తే వస్తాయి. 2024 వేసవిలో వేల బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం అపార్ట్‌మెంట్లు అల్లాడాయి. అదే ఏడాది అక్టోబరులో రోజుకు 775 మిలియన్ లీటర్ల ఐదో దశ మొదలైంది. నగరంలో తర్వాత కలిసిన 110 గ్రామాల కోసం దాన్ని కట్టారు. అయితే లైను వీధిలోకి రావడం వేరు, అపార్ట్‌మెంటు డబ్బు కట్టి కనెక్షన్ తీసుకోవడం వేరు. కాబట్టి ఓనరును కాదు, అసోసియేషన్ కార్యదర్శినో వాచ్‌మన్‌నో అడగండి: కావేరి కనెక్షన్ ఉందా, వారానికి ఎన్ని రోజులు వస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగాయి? గత మే నెల మెయింటెనెన్స్ బిల్లు చూపించమనండి. జనవరి బిల్లుకూ దానికీ ఉన్న తేడాయే ఆ అపార్ట్‌మెంటు అసలు సంగతి.

హైదరాబాదుకు కృష్ణ నుంచి మూడు దశలు, ఎల్లంపల్లి నుంచి గోదావరి, మంజీర, సింగూరు, జంట జలాశయాలు ఉన్నాయి. ఆధారాలు ఎక్కువ కాబట్టి పాత నగరపు కాలనీల్లో నిలకడ బాగుంటుంది. మీటరు ఉండి, ఆధార్ అనుసంధానం చేసుకున్న ఇళ్లకు నెలకు 20,000 లీటర్లు ఉచితం. కానీ పడమటి వైపు కొత్త టవర్లు వేసవిలో ట్యాంకర్ల మీదే బతుకుతాయి, అక్కడా మే బిల్లు ప్రశ్న తప్పదు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుని ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటగది కుళాయి దగ్గర పెట్టి చూడండి. నది నీళ్లైతే అంకె తక్కువగా ఉంటుంది, ఆర్వో అక్కర్లేదు, యూవీ ఫిల్టరు చాలు. 800 దాటితే అది బోరు నీరు. గీజరు కాయిలు, వాషింగ్ మెషీను త్వరగా సున్నం పడతాయి.

కరెంటు దగ్గర ఒక తేడా గుర్తుంచుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ 200 యూనిట్ల లోపు వాడకానికి ఉచిత పథకం ఉంది, రెండింటి పేరూ గృహజ్యోతే. తెలంగాణలో అది ఆహార భద్రత కార్డున్న కుటుంబాలకే. కర్ణాటకలో అద్దెకున్నవాళ్లూ ఆధార్‌ను మీటరుకు కలిపించుకుని అడగొచ్చు, అయితే ఎన్ని యూనిట్లు ఉచితమన్నది పాత వాడకపు సగటును బట్టి నిర్ణయిస్తారు. ఏసీల ఖర్చు కూడా ఇందులోనే చూడాలి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే రోజులు మామూలు, పెద్దవాళ్లున్న ఇంట్లో రెండు ఏసీలైనా ఉండాలి. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో ఫ్యాన్‌తో గడిచిపోతుంది. అయితే ఆస్తమా, తుమ్ములతో బాధపడే పిల్లలున్నవాళ్లు ఆ ఊరి చలినీ దుమ్మునూ తేలిగ్గా తీసుకోకూడదు. సెలవుల్లో రెండు వారాలు ఉండి చూశాక మారడం మంచిది.

కొందామనుకునేవాళ్లకు ఒక్క మాట: మొదటి ఏడాది అద్దెకే ఉండండి. బెంగళూరులో ఈ-ఖాతా (ఆస్తి వివరాల డిజిటల్ రికార్డు) లేకుండా రిజిస్ట్రేషన్ కాదు, అది అనుమతులన్నీ ఉన్న ఏ-ఖాతానా, లోపాలున్న బీ-ఖాతానా అన్నదాన్ని బట్టి బ్యాంకు రుణం మారుతుంది. హైదరాబాదులో చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర), దాని చుట్టూ కట్టకూడని బఫర్ హద్దులు చూసుకోకుండా బయానా ఇవ్వొద్దు. 2024లో చెరువు ఆక్రమణలను కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఇది మరీ ముఖ్యం.

సొంతూరు దూరం

హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, అనంతపురం నుంచి 210 దాకా. కర్నూలు వాళ్లకు హైదరాబాదే దగ్గర, అదీ 210 ప్రాంతమే. విజయవాడ నుంచి హైదరాబాదు 275, బెంగళూరు అందుకు రెట్టింపు దాటుతుంది. అర్ధరాత్రి నాన్నకు గుండెనొప్పి అని ఫోన్ వస్తే తెల్లారేసరికి చేరగలమా అన్నది నిజమైన కొలమానం. కోస్తా వాళ్లకు బెంగళూరు నుంచి పండగ రైళ్లలో బెర్తు దొరకడం కష్టం, బుకింగ్ తెరిచిన ఉదయమే చేసుకోవాలి. హైదరాబాదు నుంచి వందేభారత్‌లు, రాత్రి రైళ్లు, బస్సులు ఎక్కువే గానీ, సంక్రాంతికి కారులో వెళ్లేవాళ్లు పంతంగి టోల్ దగ్గర గంటలు పోగొట్టుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికల్లా చౌటుప్పల్ దాటేలా బయల్దేరాలి.

సామాను, గ్యాసు, కారు

ప్యాకర్లను ఎంచుకునేటప్పుడు ఇంటికొచ్చి సామాను చూడకుండా ఫోన్‌లోనే ధర చెప్పేవాళ్లను వదిలేయండి. లోడు ఎక్కాక “సామాను ఎక్కువైంది” అని పెంచేది వాళ్లే. పేరున్న కంపెనీలను పోలిన పేర్లతో చాలా సంస్థలు ఉన్నాయి, కొటేషన్ మీద జీఎస్టీ నంబరును పోర్టల్‌లో చూసి పేరు సరిపోల్చుకోండి. రెండు బెడ్‌రూముల సామానుకు 14 అడుగుల బండి, మూడింటికి 17 నుంచి 19 అడుగులది సరిపోతుంది. బండి మొత్తం మీదేనా, ఇంకొకరి సామానుతో కలిపి తెస్తారా అన్నది రాయించుకోవాలి. కలిపి తెచ్చే బండిలో ధర తగ్గుతుంది, కానీ మధ్యలో గోడౌనులో దించి మళ్లీ ఎక్కిస్తారు. బీరువా సొట్టలు, మంచం కాలు విరగడాలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. ప్యాకింగ్, లోడింగ్ అన్నీ కలిసిన బిల్లుకు 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది ధరలో ఉందో లేదో ముందే తేల్చుకోండి. ఇన్సూరెన్సు ప్రకటించిన విలువలో 1.5 నుంచి 3 శాతం దాకా అడుగుతారు. బండి మొత్తం ప్రమాదానికి గురైతేనే డబ్బొచ్చే పాలసీ వల్ల పగిలిన టీవీకి ఏమీ రాదు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు, ఆ పేరుతో అడిగే డబ్బు ఇవ్వొద్దు.

ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, మంచు కరిగించి తుడవండి. కొత్త ఇంట్లో నిలబెట్టాక నాలుగైదు గంటలు ఆగి స్విచ్ వేయండి. ముందు తలుపు వాషింగ్ మెషీనుకు ట్రాన్సిట్ బోల్టులు బిగించకపోతే డ్రమ్ము దెబ్బతింటుంది. అవి పోతే సర్వీసు సెంటర్లో కొనుక్కోవచ్చు. ఏసీ విప్పేటప్పుడు గ్యాసును అవుట్‌డోర్ యూనిట్లోకి లాగించాలి, లేకపోతే కొత్త చోట గ్యాసు నింపే ఖర్చు తప్పదు. బెంగళూరుకు వెళ్లేవాళ్లు కిటికీ ఏసీలు, కూలర్లు మోసుకెళ్లడం దండగ, పాత ఊళ్లోనే అమ్మేయండి.

గ్యాసు సిలిండరు లారీలో ఎక్కించకూడదు. సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకుని, బదిలీ వోచరు రాయించుకోండి. కొత్త ఊళ్లో అది చూపించి అప్పటి డిపాజిట్ కట్టాలి. పైపు గ్యాసున్న అపార్ట్‌మెంటైతే ఆ వోచరు దాచుకుంటే చాలు.

కారుకు పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తీసుకోవాలి. లోనుంటే బ్యాంకు అనుమతి పత్రం, బకాయి చలాన్లు కట్టేసిన రసీదులు ముందు. పన్నెండు నెలలకు మించి ఉంచే బండికి కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ నంబరు మార్చాలి, బండి వయసును బట్టి తగ్గించిన జీవితకాల పన్ను కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని కొత్త ఆర్సీ చూపించి వెనక్కి అడగొచ్చు. దానికోసం ఒరిజినల్ పన్ను రసీదు పారేయకూడదు. పదేళ్లకు దగ్గరపడ్డ కారుకు ఈ ఖర్చంతా పెట్టడం కంటే పాత ఊళ్లోనే అమ్మేయడం మంచిది. ఏ తేదీన రాష్ట్రంలోకి వచ్చారో చెప్పే రుజువుగా ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, సామాను లారీ బిల్టీ (రవాణా రసీదు) కారు డాష్‌బోర్డులో పెట్టుకోండి. రోడ్డు మీద ఆపినప్పుడు అధికారులు మొదట అడిగేది అదే.